కంపెనీ చేతులు మారింది, జీతం తగ్గిస్తామంటున్నారు: రాజీనామా ఇవ్వాలా, వద్దా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ కంపెనీలో ఎనిమిదేళ్లుగా టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. ఈమధ్యే మా కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసింది. కొన్న రోజు అందర్నీ కూర్చోబెట్టి "ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదు" అని చెప్పారు. ఇప్పుడేమో ఒక్కొక్కరినే గదిలోకి పిలుస్తున్నారు.

నా ముందు రెండు దారులు పెట్టారు. ఒకటి, కొనుక్కున్న కంపెనీ పేరుమీద కొత్త ఆఫర్ లెటర్, జీతం ఇరవై శాతం తక్కువ. రెండోది, శుక్రవారం లోపల రాజీనామా మెయిల్ పెడితే రెండు నెలల జీతం ఇస్తారట. రెండూ వద్దంటే "టెర్మినేట్ చేయాల్సి వస్తుంది, అది రికార్డులో పడితే ఇంకెక్కడా ఉద్యోగం రాదు" అన్నారు. అంతా నోటిమాటే, కాగితం మీద ఏమీ ఇవ్వలేదు.

ఇప్పుడు నా గ్రాస్ నెలకు 70,000, బేసిక్ 24,000. ఇంటి లోన్ నడుస్తోంది. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: హెచ్‌ఆర్‌లో చాలాకాలం పనిచేసిన సభ్యురాలు

ముందు ఒక్క మాట. శుక్రవారం గడువు వాళ్లు పెట్టుకున్నది, చట్టం పెట్టింది కాదు. ఆ రోజు దాటితే మీకు చట్టప్రకారం రావాల్సినదాంట్లో ఒక్క రూపాయి కూడా తగ్గదు. కాబట్టి దయచేసి రాజీనామా మెయిల్ పెట్టకండి. కనీసం ఈ కింది విషయాలు తేలేదాకా ఆగండి.

రాజీనామా అంటే ఉద్యోగం మీ అంతట మీరే వదులుకున్నట్టు. వాళ్లు తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. బయటికి వచ్చేది రెండిట్లోనూ ఒకటే అనిపిస్తుంది గానీ, చేతికొచ్చే డబ్బు, తర్వాత ప్రశ్నించే హక్కు పూర్తిగా వేరు. కంపెనీలు రాజీనామానే అడగడానికి కారణం ఇదే. మీ మీద దయతో కాదు.

ఇక లెక్కకు వద్దాం. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత పారిశ్రామిక వివాదాల చట్టం (1947) చోట ఇప్పుడు పారిశ్రామిక సంబంధాల కోడ్ ఉంది. ఏడాదికి పైగా పనిచేసిన కార్మికుణ్ని తీసేయాలంటే ఒక నెల ముందు కారణం చూపిస్తూ నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల వేతనం చెల్లించాలి. దానిమీద, పూర్తిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. ఇది పాత చట్టంలోనూ ఉంది. కొత్తగా రీస్కిల్లింగ్ ఫండ్ (తీసేసినవాళ్లు కొత్త నైపుణ్యాలు నేర్చుకోవడానికి ఇచ్చే నిధి) అని ఒకటి చేరింది. దానికింద మరో 15 రోజుల వేతనం మీ ఖాతాలో పడాలి.

వేతనం అంటే మీ గ్రాస్ 70,000 కాదు, అలాగని బేసిక్ 24,000 కూడా కాదు. కొత్త నిర్వచనం ప్రకారం అలవెన్సుల్లాంటివి మొత్తం జీతంలో సగాన్ని మించితే, మించిన భాగాన్ని కూడా వేతనంలోనే కలపాలి. మీ విషయంలో స్థూలంగా 35,000 అనుకుందాం. ఎనిమిదేళ్లకు 120 రోజుల పరిహారం, అంటే సుమారు 1,40,000. నోటీసు నెలకు 35,000. రీస్కిల్లింగ్ కింద 17,500. మొత్తం 1,92,500.

వాళ్లు ఇస్తామంటున్నది రెండు నెలల జీతం, 1,40,000. పైగా మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు పీరియడ్ ఎంతుందో ఒకసారి తీసి చూడండి. 60 రోజులని ఉంటే, మిమ్మల్ని వెంటనే పంపాలనుకున్నప్పుడు ఆ రెండు నెలలు ఎలాగూ ఇవ్వాల్సినవే. మీ డబ్బునే మీకు ఆఫర్‌గా చూపిస్తున్నారన్నమాట.

గ్రాట్యుటీ వేరే. ఐదేళ్లు దాటింది కాబట్టి రాజీనామా చేసినా, తీసేసినా వస్తుంది. 35,000ని 15తో గుణించి, 26తో భాగించి, ఎనిమిదేళ్లతో గుణిస్తే సుమారు 1,61,500. బేసిక్ 24,000 మీదే లెక్కేస్తే 1,10,800 దగ్గర ఆగిపోతుంది. సెటిల్‌మెంట్ షీట్ రాగానే ముందు చూడాల్సిన గడి ఇదే.

జవాబు: కార్మిక కేసులు చూసే న్యాయవాది

పైన అమ్మగారు చెప్పిన లెక్క సరిగ్గానే ఉంది. నేను దానికంటే ముందున్న ప్రశ్న అడుగుతాను. మీ కంపెనీని ఎలా కొన్నారు?

వాటాలు మాత్రమే కొని ఉంటే, చట్టం దృష్టిలో మీ యజమాని మారలేదు. మీ ఒప్పందం మీద ఉన్నది అదే కంపెనీ, దాని వాటాదారులే మారారు. మీ పాత అపాయింట్‌మెంట్ లెటర్ అక్షరం పొల్లుపోకుండా చెల్లుతుంది. అలాంటప్పుడు "కొత్త ఆఫర్ లెటర్" అనేదే అవసరం లేని కాగితం.

వాటాలు కాకుండా వ్యాపారాన్ని, అంటే ప్రాజెక్టులు, క్లయింట్లు, మనుషులతో సహా ఒక విభాగాన్ని కొనుక్కుని ఉంటే కథ వేరు. అప్పుడు యజమాని మారతాడు. మీ ఇష్టం లేకుండా మిమ్మల్ని ఇంకో యజమానికి అప్పగించడం కుదరదు. సుప్రీంకోర్టు కూడా ఈ సూత్రాన్ని చెప్పింది. ఇక్కడ మూడు షరతులున్నాయి: సర్వీసు తెగకూడదు, కొత్త షరతులు పాతవాటికంటే తక్కువగా ఉండకూడదు, రేపు కొత్త యజమాని తీసేస్తే మీ పాత ఎనిమిదేళ్లనూ కలిపి పరిహారం ఇచ్చే బాధ్యత అతనిదే కావాలి. ఈ మూడూ ఉంటే మారినందుకు పరిహారం రాదు. ఏ ఒక్కటి లేకపోయినా, రిట్రెంచ్ చేసినట్టే లెక్కగట్టి నోటీసు, పరిహారం ఇవ్వాలి.

ఇప్పుడు మీ పరిస్థితి చూడండి. ఇరవై శాతం తక్కువ జీతంతో కొత్త లెటర్ ఇస్తున్నారు. అది రెండో షరతును వాళ్ల చేత్తోనే తెంచడం. జరిగింది వ్యాపార బదిలీ అయితే, మీరు ఆ ఆఫర్ వద్దన్నా పరిహారం మీ హక్కు. రాజీనామా పెట్టారో, ఆ హక్కును మీరే వదిలేసుకున్నట్టు.

మూడో రకం విలీనం. నేషనల్ కంపెనీ లా ట్రైబ్యునల్ ఆమోదించిన స్కీమ్ ప్రకారం జరుగుతుంది. ఆ స్కీమ్‌లో సాధారణంగా ఉద్యోగుల గురించి ఒక పేరా ఉంటుంది, సర్వీసు కొనసాగుతుందని, షరతులు తగ్గవని. ట్రైబ్యునల్ ఉత్తర్వు బయట దొరికే పత్రమే. ఆ పేరా ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి.

ఏ రకమో తెలియకపోతే హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి. ఈ ప్రశ్న రాతపూర్వకంగా వెళ్లగానే గదిలో మాట్లాడే తీరు మారడం నేను చాలాసార్లు చూశాను.

జవాబు: మరో సభ్యుడు

300 మంది కంటే ఎక్కువ ఉన్న కంపెనీ అయితే ప్రభుత్వ అనుమతి లేకుండా ఎవర్నీ తీసేయకూడదు కదండీ? దాన్ని పట్టుకోవచ్చుగా.

జవాబు: న్యాయవాది

ఆ నిబంధన ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకే. పాత చట్టంలో 100 మంది అని ఉండేది, కొత్త కోడ్‌లో 300 చేశారు. సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు అది వర్తించదు. దీన్ని నమ్ముకుని మెయిల్ రాస్తే అవతలివాళ్లు ఆ ఒక్క తప్పు చూపించి మిగతా న్యాయమైన డిమాండ్లన్నీ పక్కన పెడతారు. అందుకే గట్టిగా చెబుతున్నాను, ఆ వాక్యం రాయొద్దు.

జవాబు: ఇలాంటి మార్పు ఒకసారి చూసిన ఉద్యోగి

"ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదు" అన్నప్పుడు ఎంతకాలానికి అని అడగాలి. ఎయిర్ ఇండియాను 2022 జనవరిలో టాటాలు తీసుకున్నప్పుడు ఏడాదిపాటు ఎవర్నీ తొలగించకూడదని, రెండో ఏడాది తీయాల్సి వస్తే వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ పథకం) ఇవ్వాలని ప్రభుత్వం ముందే షరతు పెట్టింది. అది ఒప్పందంలో ఉంది కాబట్టి నిలబడింది. మీటింగ్‌లో అన్న మాటకు ఆ బలం ఉండదు.

మన హైదరాబాద్‌లోనే 2009లో సత్యం కంప్యూటర్స్ చేతులు మారినప్పుడు వేలమందిని వర్చువల్ పూల్‌లో పెట్టారు. ఆఫీసుకు రావక్కర్లేదు, తగ్గించిన జీతం మాత్రం వస్తుంది, ప్రాజెక్టు దొరికితే వెనక్కి పిలుస్తారు. ఆ కుటుంబాలు పడ్డ ఆందోళన ఈ ఊళ్లో చాలామందికి ఇంకా గుర్తుంది. మీకు కూడా "కొన్నాళ్లు బెంచ్ మీద ఉండండి, సగం జీతం ఇస్తాం" అనే మూడో దారి చూపించొచ్చు. అది ఎన్నాళ్లు, తర్వాత ఏమిటి, ఆ కాలం సర్వీసులో కలుస్తుందా, బయట ఉద్యోగం చూసుకోవచ్చా, ఇవన్నీ రాసి ఇస్తేనే ఆలోచించండి.

ఇంకొకటి. పేస్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్లు, పనితీరు రేటింగ్‌లు ఈరోజే మీ సొంత మెయిల్‌కు తెచ్చుకోండి. లాగిన్ ఏ ఉదయం ఆగిపోతుందో తెలీదు. కానీ క్లయింట్ ఫైళ్లు, కోడ్, కంపెనీ డేటా మాత్రం ముట్టుకోవద్దు. దాన్ని సాకుగా చూపి క్రమశిక్షణ చర్య అంటే మీ కేసంతా తలకిందులవుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. చదువుతుంటే కాస్త ఊపిరి ఆడింది. రెండు డౌట్లు. నా డిజిగ్నేషన్ "టెస్ట్ లీడ్". మరి నేను కార్మికుడి కిందికి వస్తానా? రెండోది, నేను సంతకం పెట్టకపోయినా వచ్చే నెల నుంచి తక్కువ జీతమే వేస్తే ఏం చేయాలి?

జవాబు: న్యాయవాది

డిజిగ్నేషన్ చూసి కోర్టులు తేల్చవు, చేసే పని చూస్తాయి. మేనేజర్ లేదా పరిపాలన స్థాయి పని చేసేవాళ్లు కార్మికులు కారు. సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకు 18,000 కంటే ఎక్కువ వేతనం తీసుకునేవాళ్లు కూడా కారు. టెక్నికల్ పని చేసేవాళ్లకు జీతం ఎంతున్నా ఆ పరిమితి లేదు. కాబట్టి అసలు ప్రశ్న ఇది: మీరు రోజంతా టెస్ట్ కేసులు రాసి నడుపుతున్నారా, లేక సెలవులు మంజూరు చేయడం, రేటింగ్‌లు ఇవ్వడం, మనుషుల్ని తీసుకోవడం మీ పనా? మొదటిదే ప్రధానమైతే మీ వాదనకు బలముంది. కంపెనీ మాత్రం తప్పకుండా "లీడ్" అన్న మాటనే పట్టుకుంటుంది. అందుకే మీ రోజువారీ పని ఏమిటో చూపించే టాస్క్ జాబితాలు, పనితీరు సమీక్షలు ముఖ్యం.

ఒకవేళ కార్మికుల కిందికి రాకపోయినా చేతులు ఖాళీ అని కాదు. అపాయింట్‌మెంట్ లెటర్ ఒక ఒప్పందం, దాన్ని ఒక పక్షం తనంతట తాను మార్చలేదు. నోటీసు జీతం, గ్రాట్యుటీ, సెలవుల డబ్బు, పీఎఫ్ వీటికి కార్మికుడు అవునా కాదా అన్న గొడవే లేదు.

జీతం కోత గురించి. కార్మికులకైతే వేతనం, అలవెన్సుల్లాంటి షరతులు మార్చేముందు 21 రోజుల నోటీసు ఇవ్వాలి. ఎవరికైనా సరే, తగ్గిన జీతం పడిన రోజే మెయిల్ పెట్టండి. నెలల తరబడి మౌనంగా తీసుకుంటే ఒప్పుకున్నారనే వాదన వస్తుంది. ఇలా రాస్తే చాలు:

"ఈ నెల నా జీతం నా అనుమతి లేకుండా, ముందస్తు నోటీసు లేకుండా తగ్గించారు. నేను ఈ మార్పుకు అంగీకరించలేదు. జమ అయిన మొత్తాన్ని అభ్యంతరంతోనే స్వీకరిస్తున్నాను. మిగిలిన మొత్తం చెల్లించగలరు. నా సర్వీసు పాత షరతులతోనే కొనసాగుతున్నట్టు భావిస్తున్నాను."

రాజీనామా ఒత్తిడికి కూడా మెయిల్ ఒకటి పెట్టండి: "ఫలానా రోజు జరిగిన సమావేశంలో రాజీనామా చేయమని సూచించారు. నాకు రాజీనామా చేసే ఉద్దేశం లేదు. సంస్థ నిర్ణయం ఏదైనా ఉంటే రాతపూర్వకంగా తెలియజేయగలరు." కోపం వద్దు, బెదిరింపు వద్దు. ఇంత చాలు.

దారి దొరకకపోతే కార్మిక శాఖ దగ్గర ఫిర్యాదు ఇవ్వొచ్చు. రాజీ కోసం పిలుస్తారు. 45 రోజుల్లో తేలకపోతే కార్మికుడు నేరుగా పారిశ్రామిక ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. తొలగించిన తేదీ నుంచి రెండేళ్ల లోపల వెళ్లాలి. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

జవాబు: హెచ్‌ఆర్ సభ్యురాలు

"రికార్డులో పడితే ఉద్యోగం రాదు" అన్న బెదిరింపుకు ఎవరూ జవాబివ్వలేదు, నేనిస్తాను. కంపెనీ చేతులు మారాక పోస్టులు తగ్గించడం వేరు, తప్పు చేశాడని తీసేయడం వేరు. ఉద్యోగాలిచ్చే చోట కూర్చున్నవాళ్లకు ఆ తేడా బాగా తెలుసు. రిలీవింగ్ లెటర్‌లో "సంస్థ పునర్వ్యవస్థీకరణ కారణంగా" అని రాయించుకోండి, ఆ ఒక్క మాట చాలు.

ఒకవేళ ఇవన్నీ ఆలోచించి కూడా, గొడవ వద్దు, వేరే ఉద్యోగం చూసుకుంటాను అనుకుంటే అదీ గౌరవమైన నిర్ణయమే. లోన్ ఉన్న మనిషిని ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగమని నేను చెప్పను. అప్పుడు మాత్రం బేరం ఆడండి. పైన వేసిన 1,92,500 చట్టం చెప్పే కనీసం, మీ బేరం అక్కడి నుంచి పైకి మొదలవ్వాలి. మొత్తం కాగితం మీదికి వచ్చాకే సంతకం.

పన్ను సంగతి కూడా చూసుకోండి. రిట్రెంచ్‌మెంట్ పరిహారానికి 5 లక్షల దాకా, గ్రాట్యుటీకి 20 లక్షల దాకా, ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే సెలవుల డబ్బుకు 25 లక్షల దాకా పరిమితులకు లోబడి మినహాయింపు ఉంది. రాజీనామా చేసి తీసుకున్న "ఎక్స్‌గ్రేషియా" (కంపెనీ తనంతట తాను ఇచ్చే సొమ్ము) మీద మామూలుగా జీతంలాగే పన్ను పడుతుంది. కాగితంలో ఏ పేరు పెట్టారన్నదాన్ని బట్టి చేతికొచ్చేది మారుతుంది.

వేతన బకాయిలు ఉద్యోగం ముగిసిన రెండు పని దినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. గ్రాట్యుటీకి 30 రోజులు, దాటితే వడ్డీ. పీఎఫ్ పాస్‌బుక్ ఇప్పుడే తెరిచి, కంపెనీ వాటా ప్రతి నెలా జమ అయిందో లేదో చూడండి. బదిలీ ముందు బకాయిలుంటే పాత యజమాని, కొత్త యజమాని ఇద్దరూ బాధ్యులే.

కొత్త ఆఫర్ తీసుకోవాలనుకుంటే లెటర్‌లో జీతం కంటే ముందు చేరిన తేదీ చూడండి. అక్కడ పాత తేదీ లేకుండా కొత్త తేదీ ఉంటే, ప్రొబేషన్ అని ఉంటే, మీ ఎనిమిదేళ్లు చెరిపేస్తున్నట్టు. "పాత సర్వీసు కొనసాగింపుతో" అని చేర్చమనండి. ఉద్యోగం మానేశాక ఫలానా కంపెనీల్లో చేరకూడదనే షరతు ఉంటే దానికి మరీ భయపడకండి, కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అలాంటివి సాధారణంగా చెల్లవు.

చివరగా, గ్రూప్ ఇన్సూరెన్స్ మీ ఆఖరి పని దినంతో ఆగిపోతుంది. ఇంట్లో ఎవరికైనా వైద్యం నడుస్తుంటే, అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే అవకాశాన్ని ఉద్యోగంలో ఉండగానే అడగండి. బ్యాంకుతో కూడా వాయిదా తప్పకముందే మాట్లాడండి. తప్పాక వెళ్తే వినే తీరు వేరుగా ఉంటుంది. శుక్రవారం మీటింగ్‌కు వెళ్లేముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లోని నోటీసు పేరా ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి. చూసి చెబుతాం.