హనుమకొండ లోక్‌సభ సీటు ఏమైంది?

ప్రశ్న: పీవీ 1977, 1980ల్లో గెలిచి 1984లో ఓడిన హనుమకొండ ఫలితాలను ఇప్పటి వరంగల్‌తో కలిపి ఒకే పట్టికగా వేయొచ్చా?

జవాబు 1: వేయకండి. హనుమకొండ 2008 నియోజకవర్గాల పునర్విభజనలో రద్దయింది. చివరి పోటీ 2008 ఉప ఎన్నిక, గెలిచింది బి. వినోద్‌కుమార్. 2009 నుంచి వరంగల్ ఎస్సీ రిజర్వుడు. అంటే సరిహద్దు గీతలే కాదు, పోటీ చేసేవాళ్లూ మారారు. పేరును బట్టి ఫలితాలు అతికిస్తే 1984లో చందుపట్ల జంగారెడ్డి గెలుపు (ఆ ఏడు దేశం మొత్తం మీద బీజేపీకి దక్కినవి రెండే, రెండోది మెహసానా) వరంగల్ ఖాతాలో పడిపోతుంది.

జవాబు 2: మండలాల వారీగా చూడండి. కమలాపూర్ అసెంబ్లీ సీటు పోయింది. ఆ మండలం హుజూరాబాద్‌లో కలిసి కరీంనగర్ లోక్‌సభకు వెళ్లింది. నర్సంపేట, ములుగు మహబూబాబాద్ ఎస్టీ లోక్‌సభ సీటులోకి. శాయంపేట సీటూ లేదు, మండలం భూపాలపల్లిలో ఉంది.

జవాబు 3: పరకాల అసెంబ్లీ సీటు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. పేరు పాతదే, సరిహద్దు కొత్తది: గీసుగొండ, సంగెం కూడా ఇప్పుడు అందులోవే. ముందు 2008 పునర్విభజన ఉత్తర్వులో మండలాల జాబితా రాసుకోండి, తర్వాత ఫారం 20 (బూత్‌ల వారీగా ఓట్ల లెక్క ఉండే ఫలితాల పత్రం) తీసి బూత్‌ల ఓట్లు మండలాల వారీగా కూడండి. బూత్ నంబరును నమ్మొద్దు, అది మారుతుంది. ఊరి పేరుతో సరిచూడండి.