వెబ్లీ మార్క్ 6 (1917): "అంతా ఒరిజినల్" అన్న మాటను ఎలా పరీక్షించాలి?

డాలస్_తెలుగు:
నమస్కారం. ఇక్కడ ఒక వేలంలో .455 వెబ్లీ మార్క్ 6 (బ్రిటిష్ సైన్యపు పాత రివాల్వర్) వస్తోంది. ఫ్రేమ్ మీద 1917 అని ఉంది. "భాగాలన్నీ ఒరిజినల్, కండిషన్ చాలా బాగుంది" అని కేటలాగ్‌లో రాశారు. ఫొటోల్లో నలుపు నిగనిగలాడుతోంది, పిడి పలకలు మాత్రం గోధుమ రంగుకు తిరిగాయి. సిలిండర్ వెనుక వైపు ఫొటో పెట్టలేదు. ముందురోజు చేతికిచ్చి చూడనిస్తారు కానీ విప్పనివ్వరు. పది నిమిషాల్లో ఏ వరుసలో ఏం చూడాలి? కొన్నాక కాల్చాలని ఉంది. .45 ఏసీపీ తూటాలు కూడా పడతాయని ఒకరు చెప్పారు, నిజమేనా?

పాత_ఉక్కు:
చేతికి రాగానే మొదట ఎడమవైపు లాచ్ (గడియ) నొక్కి తెరిచి, తూటాలు పట్టే ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయో లేదో చూడండి. వాళ్లు ఖాళీ అని చెప్పినా సరే.

తెరిచాక ముందు చూడాల్సింది సిలిండర్ వెనుక ముఖం. ఆ ఫొటో పెట్టలేదంటే నాకైతే అనుమానమే. .455 తూటాలు దొరకడం కష్టమయ్యాక, అమెరికాకు వచ్చిన మార్క్ 6లలో చాలావాటికి సిలిండర్ వెనుక వైపు అరగదీసి, అర్ధచంద్రాకారపు క్లిప్పులతో, పొడుచుకొచ్చే అంచు లేని .45 ఏసీపీ పిస్టల్ తూటా పట్టేలా మార్చేశారు. .455 తూటా అంచు మందం ఒక మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. క్లిప్పు లేకుండా అదే సిలిండర్‌లో వాడే .45 ఆటో రిమ్ తూటా అంచు 2.3 మి.మీ. ఆ తేడా మేరకు లోహం పోయి ఉంటుంది. మిగతా సిలిండర్ నల్లగా ఉండి వెనుక ముఖం మాత్రం తెల్లగా మెరుస్తుంటే, లేదా దాని మీద మిషన్ గీతలు కనిపిస్తే, అది అరగదీసిందే. తర్వాత మూసి పక్కనుంచి వెలుతురుకు పట్టండి. సిలిండర్‌కీ దాని వెనుకున్న ఫ్రేమ్ పలకకీ మధ్య సందు వెడల్పుగా కనబడితే అనుమానం తీరినట్టే. వాళ్ల దగ్గర డమ్మీ .455 ఉంటే గదిలో వేసి మూయమనండి, ముందూ వెనకా బాగా ఊగకూడదు.

ఇక నంబర్లు. ఫ్రేమ్ కుడివైపు, సిలిండర్ మీద, బ్యారెల్ భాగం మీద ఉన్నవి ఒకటే కావాలి. అంకెల ఆకారం, లోతు కూడా కలవాలి. వేరే నంబరును రుద్ది కొత్తది కొట్టిన చోట లోహం కాస్త గుంట పడి ఉంటుంది. వేలి గోరు ఆనించి జరిపితే తెలుస్తుంది.

బ్లూయింగ్_పిచ్చి:
పాత_ఉక్కు గారు చెప్పినవాటికి రంగు సంగతి కలుపుతాను. 1917 నాటి సర్వీస్ రివాల్వర్ అంత నిగనిగలాడుతోందంటే తర్వాత మళ్లీ బ్లూయింగ్ (ఉక్కుకు నల్లరంగు పట్టించడం) చేశారేమో చూడాలి. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం, రంగు కింద తుప్పు గుంటలు. గుంట అడుగు కూడా పైభాగమంత నల్లగా ఉంటే తుప్పు ముందు, రంగు తర్వాత. స్క్రూ రంధ్రాల అంచులు గిన్నెలా దిగి ఉన్నాయా, బ్యారెల్ కోణాలు గుండ్రబడ్డాయా, బ్రాడ్ యారో (బాణం ఆకారపు బ్రిటిష్ ప్రభుత్వ గుర్తు), కిరీటం ముద్రల గీతలు చెదిరాయా చూడండి. ఒరిజినల్ ముద్రల అంచు పదునుగా ఉంటుంది. హోల్‌స్టర్‌లో తిరిగిన రివాల్వర్‌కు బ్యారెల్ మూతి దగ్గర, సిలిండర్ అంచుల మీద రంగు పల్చబడటం సహజం. అది లేకుండా అంతా ఒకే నలుపైతే నమ్మొద్దు.

గోధుమ రంగు పలకలు మాత్రం మంచి సూచన. అవి వల్కనైట్ (గట్టి రబ్బరు), వెలుతురుకు నలుపు పోయి గోధుమ రంగుకు తిరుగుతాయి. పిడి కింద లాన్యార్డ్ రింగ్ (తాడు కట్టుకునే కడియం) ఉండాలి. ముందు సైటు విడి బ్లేడు, స్క్రూతో బిగించి ఉంటుంది. స్క్రూ గాడి చెడిపోయి ఉంటే ఎవరో బ్లేడు మార్చారని అనుకోవచ్చు.

ఎదురెదురుగా రెండు బాణాల ముద్ర కనిపిస్తే కంగారు పడకండి, సైన్యం అమ్మేసిందని గుర్తు. కిరీటం కింద బీఎన్పీ అని ఉంటే 1954 తర్వాత బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లో పరీక్షించారన్నమాట. వీటివల్ల విలువ పెద్దగా పడదు. బాణం కింద ఐ ఉంటే అది బ్రిటిష్ ఇండియా సొత్తు, మనవాళ్లు ప్రత్యేకంగా వెతుక్కునేది.

డాలస్_తెలుగు:
చాలా థ్యాంక్స్ అండి. ప్రిచర్డ్ బయొనెట్ (ఈ రివాల్వర్ మూతికి బిగించే కత్తి) కూడా కలిపి అమ్ముతున్నారు. దానికి అదనంగా ఇవ్వొచ్చా?

బ్లూయింగ్_పిచ్చి:
వద్దు. అది అధికారికంగా సైన్యానికి ఇచ్చింది కాదు, ఆఫీసర్లు సొంత డబ్బుతో కొనుక్కున్నది. ఇప్పుడు బజార్లో నకళ్లే ఎక్కువ. రుజువు లేకపోతే దాని ధర సున్నా అని లెక్కేసుకోండి.

ట్రిగ్గర్_లెక్క:
మెకానిజం సంగతి నేను చెబుతాను.

లాచ్ పూర్తిగా పడితే బ్యారెల్ కీలు దగ్గర పక్కకు ఊగకూడదు. లాచ్ సగమే పడితే హ్యామర్ (తూటాను కొట్టే సుత్తి) దానికి తగిలి ఆగాలి, తూటా దాకా వెళ్లకూడదు. అది డిజైన్‌లోనే ఉన్న భద్రత. కుడివైపు బయట కనిపించే V ఆకారపు స్ప్రింగ్ బలహీనమైతే లాచ్ తేలిగ్గా జారుతుంది, అలాంటిది కాల్చడం ప్రమాదం.

అనుమతి అడిగి, స్నాప్ క్యాప్స్ (మందు లేని ఉత్తుత్తి తూటాలు) వేసి, హ్యామర్‌ను మెల్లగా వెనక్కి లాగండి. అది పూర్తిగా ఎక్కేసరికి సిలిండర్ తన స్థానంలో నిలిచిపోవాలి. ఆరు గదులకీ విడివిడిగా చూడండి, ఒక్క గది వెనకబడ్డా సీసం పక్కనుంచి చిమ్ముతుంది. ట్రిగ్గర్ నొక్కిపట్టి సిలిండర్‌ను తిప్పి చూస్తే దాదాపు కదలకూడదు. ట్రిగ్గర్ వదిలి ఉన్నప్పుడు కాస్త ఊగడం మామూలే. ఎక్కించిన హ్యామర్‌ను బొటనవేలితో ముందుకు నెట్టినా పడకూడదు. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) పెడితే 0.15 నుంచి 0.25 మి.మీ. బాగుందని అర్థం, 0.3 దాటితే వదిలేయండి.

బ్యారెల్ లోపల ఏడు గాడులు, కుడివైపు తిరుగుతాయి. చీకటి వలయం కనిపిస్తే లోపల ఉబ్బిందని అర్థం. పాత ప్రైమర్లలో (తూటా అడుగున నిప్పు పుట్టించే భాగం) పొటాషియం క్లోరేట్ ఉండేది, అది కాలాక మిగిలే ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. నూనెతోనే తుడిచి పెట్టేసినవాటిలో తుప్పు గుంటలు పడేది అందుకే.

.45 ఏసీపీ: సిలిండర్ అరగదీసి ఉన్నా ఫ్యాక్టరీ తూటాలు వేయకండి. .455 మార్క్ 2 తూటా ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 13,000 పౌండ్లు, ఏసీపీ పరిమితి 21,000. తూటా గదిలో పట్టిందని అంత ఒత్తిడిని అది తట్టుకుంటుందని కాదు. ఫియోకీ కంపెనీ .455 తూటాలు దొరికినప్పుడు కొనుక్కోండి, మొదట గన్‌స్మిత్ చేత తనిఖీ చేయించండి.

చట్టం సంగతీ గుర్తుంచుకోండి. అమెరికా ఫెడరల్ చట్టంలో యాంటిక్ అంటే 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనది. 1917 వెబ్లీ ఆ లెక్కలోకి రాదు, యాభై ఏళ్లు దాటినందున క్యూరియో అండ్ రెలిక్ (సేకరణకు పెట్టుకునే పాత ఆయుధం) కిందికి వస్తుంది. కాబట్టి లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానో, మీకే ఆ కలెక్టర్ లైసెన్స్ ఉంటే నేరుగానో బదిలీ చేయించుకోవాలి. పాతదే కదా అని ఇండియాకు మాత్రం మోసుకెళ్లకండి.