పాత టీవీల బొమ్మ దొర్లుడు, పక్కన నీడ: కారణమేంది?

ప్రశ్న: హనుమకొండ గుట్టల పక్కన ఇండ్లల్ల దూరదర్శన్ బొమ్మకు కుడిపక్క ఇంకో నీడ బొమ్మ వచ్చేది. గాలికి బొమ్మ పైకి దొర్లేది. ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ కార్డు స్టేషన్‌ది, మరి ఇవి?

జవాబు 1: నీడ గుట్టకు తగిలి వచ్చిన సిగ్నల్‌ది అన్నా. 300 మీటర్లు ఎక్కువ తిరిగొస్తే 1 మైక్రోసెకను (సెకనుల పది లక్షలో వంతు) ఆలస్యం. 20 అంగుళాల తెరపై అది సుమారు 8 మిల్లీమీటర్ల జరుగుడు. సిగ్నల్ పెంచే బూస్టర్ పెట్టినా నీడ కూడా పెరిగేది. యాంటెనా కొద్దికొద్దిగా తిప్పి, నీడ సన్నబడ్డకాడ బిగించాల్సి ఉండె.

జవాబు 2: దొర్లుడు వేరే సంగతి. బొమ్మ పైనుంచి ఎప్పుడు మొదలుపెట్టాల్నో టీవీకి చెప్పే సింక్ పల్సులు సెకనుకు 50 అందాలె. గాలికి యాంటెనా ఊగి సిగ్నల్ తగ్గితే ఆ పల్సులతో బొమ్మకు జత తప్పేది. బొమ్మను నిలిపేందుకు టీవీ వెనుక ఉండే వర్టికల్ హోల్డ్ నాబ్ మెల్లగ తిప్పాలె. సిగ్నల్ బాగున్నా దొర్లితే ఆ సర్క్యూట్‌ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ (కరెంటును కాసేపు నిల్వ చేసే చిన్న భాగం) ఎండి ఉండొచ్చు. పాత సెట్టు దాచుకున్నోళ్లు ముందు దాన్ని మెకానిక్‌తో చూపించండి, పారేయకండి!

జవాబు 3: యాంటెనా నుంచి టీవీకి దిగే 300 ఓమ్‌ల చదును వైరును మరువద్దు. ఇనుప పైపుకు ఆనించి కట్టినా, వానకు తడిసినా సిగ్నల్ పడిపోయి తెరమీద చుక్కలే వచ్చేవి. పైపుకు దూరంగ, మెలికలు తిప్పి దించాల్సి ఉండె.