కొండగుర్తూ బండగుర్తూ ఒకటేనా?

అత్తాపూర్ నుంచి:
మా వాడికి ట్యూషన్‌లో ఛందస్సు గణాలు చెబుతూ, అవి మరిచిపోకుండా ‘యమాతారాజభానసలగం’ కొండగుర్తు అన్నారట. ఇంటికొచ్చి “ఇందులో కొండ ఎక్కడుంది?” అని నన్ను అడిగాడు. మా ఆయనేమో దీన్ని బండగుర్తు అంటారు. రెండూ ఒకటేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

మలక్‌పేట మాస్టారు:
ఒకటి కాదమ్మా. బండగుర్తులో ఉన్నది రాయి కాదు. బండలెక్క, బండమాట అంటామే, ఆ మోటుదనం. ఉజ్జాయింపుగా పనికొచ్చే ఆనవాలు అన్నమాట. కొండగుర్తు అలా జారిపోయేది కాదు. దాన్ని ‘కొండ వంటి గుర్తు’ అని విప్పితే ఉపమాన పూర్వపద కర్మధారయం. ‘కొండే గుర్తు’ అని విప్పితే బాటసారికి దూరాన కనబడే కొండ. నా ఓటు రెండోదానికే.

మీ వాడి సూత్రం కూడా నడకే. ఏ గణం కావాలో ఆ అక్షరం దగ్గర నిలబడి మూడక్షరాలు నడిస్తే చాలు. జ గణం కావాలా? జ, భా, న. లఘువు, గురువు, లఘువు. అయిపోయింది.

శాలిబండ నుంచి:
మాస్టారూ, మా ఊరి పేర్లనే బండ ఉంది, జర చూస్కొని మాట్లాడుండ్రి 😀 మా ఇంట్ల బండగుర్తే అంటం. కొండలు మీ దిక్కు, బండలు మా దిక్కు.

తార్నాక నుంచి:
మాస్టారి ‘కొండే గుర్తు’కి నాదొక సాక్ష్యం. ఫిజియాలజీ పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి, సమాసాల జోలికి రాను.

మెదడు లోపల, చెవుల ఎత్తున, రెండు పక్కలా హిప్పోకాంపస్ అనే ముడత ఒక్కొక్కటి ఉంటుంది. చూడ్డానికి సముద్రగుర్రంలా ఉందని ఇటలీకి చెందిన అరాంజియో 1587లో ఆ పేరు పెట్టాడు. అప్పటికి చార్మినార్ కట్టడానికి ఇంకా నాలుగేళ్లుంది. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, జొనాథన్ దోస్త్రోవ్‌స్కీ ఎలుకల హిప్పోకాంపస్‌లో సన్నటి తీగలు పెట్టి చూశారు. ఎలుక ఫలానా చోటికి వస్తేనే ఫలానా కణం చురుగ్గా పలుకుతోంది, అంటే విద్యుత్ సంకేతాలు పంపుతోంది. ఈ మూలకి ఒక కణమైతే ఆ మూలకి వేరే కణం. ఓకీఫ్‌కి 2014లో నోబెల్ వచ్చింది. ఆ పక్క భాగంలోనే, నేలంతా తేనెపట్టు గళ్లలా కొలిచే కణాలను కనిపెట్టిన నార్వే శాస్త్రవేత్తలు మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్ కూడా ఆయనతో పాటు ఆ బహుమతి పంచుకున్నారు.

మన మాటకి కావలసింది వేరే సంగతి. ఎలుక తిరిగే గది గోడకి ఒక అట్ట తగిలించి, దాన్ని పక్కకి జరిపితే, కణాలు పలికే చోట్లు కూడా ఆ అట్టతో పాటే తిరిగాయి. సాధారణంగా కాళ్ల దగ్గర వస్తువుల కంటే దూరాన ఉన్న గుర్తుకే అవి కట్టుబడతాయి. ఎందుకంటారా? నాలుగడుగులు వేస్తే పక్కనున్న వేపచెట్టు ముందు నుంచి వెనక్కి పోతుంది. దూరపు కొండ మాత్రం ఉన్న దిక్కునే ఉంటుంది. మనవాళ్లు చెట్టుగుర్తు అనకుండా కొండగుర్తు అన్నది అందుకే అనుకుంటాను.

శాలిబండ నుంచి:
గట్లయితే చార్మినార్ సంగతేంది సార్? పట్నంల అంతకన్న పెద్ద గుర్తు ఏడుంది?

తార్నాక నుంచి:
అన్నా, మంచి చోటే పట్టుకున్నారు. చార్మినార్ చోటుకి గుర్తు, దిక్కుకి కాదు. నాలుగు వైపులా ఒకే కమాను, ఒకే మినార్లు. దాని కింద రెండు చుట్లు తిరిగి బయటికొచ్చినవాడు ఏ బజారు నుంచి వచ్చాడో అదే చూసి చెప్పలేడు. మక్కా మసీదు ఎటుందో వెతుక్కోవాలి. ఏ పక్క నుంచి చూస్తే ఆ పక్క వేరుగా కనబడేదే దిక్కు చెబుతుంది. గోల్కొండ గుట్ట చెబుతుంది.

ఇంకో మాట. గుల్జార్ హౌజ్ నుంచి వచ్చి లాడ్ బజార్‌కి పోవాలంటే చార్మినార్ దగ్గర కుడికి తిరగాలి. “కుడికి తిరగడం” అని మాత్రమే నేర్చుకున్నవాణ్ణి ఒకరోజు ఎదురు వైపు నుంచి, అంటే మీ శాలిబండ వైపు నుంచి వదలండి. కుడికే తిరిగి సర్దార్ మహల్ వైపు పోతాడు. లాడ్ బజార్ పడమరన ఉందని తెలిసినవాడు ఎడమకి తిరుగుతాడు.

అచ్చం ఈ పరీక్షే 1996లో ప్యాకర్డ్, మెగా అనే ఇద్దరు అమెరికన్లు ఎలుకలకి పెట్టారు. కూడలి లాంటి నాలుగు చేతుల దారి. ప్రతిసారీ ఒకే చేతి నుంచి వదిలి, ఒకే చేతిలో తిండి పెట్టారు. ఎనిమిదో రోజున ఎదురు చేతి నుంచి వదిలితే, ఎక్కువ ఎలుకలు తిండి ఉన్న చోటుకే పోయాయి. అంటే మనసులో చోటు పటం పట్టుకున్నాయి. పదహారో రోజుకి అవే ఎలుకలు అలవాటైన పక్కకి తిరిగి ఖాళీ చేతిలోకి పోయాయి. అప్పుడు కాడేట్ అనే అలవాట్ల భాగాన్ని కాసేపు మత్తుమందుతో ఆపారు. మళ్లీ చోటు వెతుక్కుంటూ సరిగ్గా పోయాయి! పటం చెరిగిపోలేదు, అలవాటు దాని మీద కూర్చుంది. “బంకు రాగానే లెఫ్ట్” తరహా దారిని నేనైతే బండగుర్తు అంటాను. పని జరుగుతుంది, వచ్చే వైపు మారనంతవరకే.

అత్తాపూర్ నుంచి:
మాకు కొండా లేదు, బంకూ లేదు సార్. ఎవరికి అడ్రస్ చెప్పాలన్నా ఫ్లైఓవర్ పిల్లర్ నంబరే. అయినా అందరూ రెండు పిల్లర్ల అవతల దిగి ఫోన్ చేస్తారు.

తార్నాక నుంచి:
అక్కా, పాపం వాళ్ల తప్పు లేదు. ఒకే రకం గదులు, ఒకే వైపు తలుపులతో వరసగా కడితే ఎలుక మెదడులో ఒకే కణం ప్రతి గదిలోనూ అదే చోట పలుకుతుంది. అలాంటప్పుడు ఏ గదిలో తిండి ఉందో నేర్చుకోవడం కష్టమవుతుంది. అవే గదుల్ని విసనకర్రలా తలా ఒక దిక్కుకి తిప్పి పెడితే తేలిగ్గా నేర్చుకున్నాయి. మీ పిల్లర్లు మొదటి రకం. అంకె చదవాలి తప్ప చోటు గుర్తుండదు. పక్కన ఉన్న ఇరానీ హోటలో, మసీదో కూడా కలిపి చెప్పండి.

మలక్‌పేట మాస్టారు:
నాయనా, దారి సంగతి బాగుంది. కానీ ప్రశ్న గణాల గురించి. దారి పట్టుకునే కణాలకీ ఛందస్సుకీ ఏమిటి చుట్టరికం? లేకపోతే నిఘంటువులో రెండర్థాలు వేరువేరుగానే వేయాలి.

తార్నాక నుంచి:
చుట్టరికం ఉంది మాస్టారూ, అది ముందు బయటపడింది మనిషిలోనే. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించాలని రెండు పక్కలా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. తెలివి తగ్గలేదు, మాట పోలేదు. కానీ ఆ తర్వాత జరిగినవేవీ నిలవలేదు. ఇప్పుడే పరిచయమైన మనిషి బయటికెళ్లి వస్తే మళ్లీ కొత్తవాడే. అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం మాత్రం రోజురోజుకీ మెరుగుపడింది, నిన్న గీసిన జ్ఞాపకం లేకుండానే. ఆయన్ని పరీక్షించిన మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ ఇది చూశాకే జ్ఞాపకం ఒకే రకం కాదని తేలింది. చేతికి పట్టుబడే విద్య వేరు, ‘అది ఎప్పుడు, ఎక్కడ జరిగింది’ అన్నది వేరు. రెండోది హిప్పోకాంపస్ సొత్తు. చోటు కూడా దానిదే.

అయితే ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి ఉన్న ఇంటి గదుల పటం మాత్రం ఆయన గీయగలిగాడు. రోజూ అదే నడవాలో తిరిగీ తిరిగీ మిగిలిన భాగాలు నేర్చుకుని ఉంటాయని పరిశోధకుల మాట. కాబట్టి సర్వం హిప్పోకాంపసే అనలేను.

శాలిబండ నుంచి:
మరి ఆటో నడిపేటోళ్లకు అది పెద్దగుంటదా సార్? మా బావ నలభై ఏండ్ల సంది నడుపుతుండు.

తార్నాక నుంచి:
మన ఆటోల సంగతి నేను చెప్పను. లండన్ ట్యాక్సీ డ్రైవర్లని 2000లో ఎలినార్ మగ్వైర్ బృందం కొలిచింది. వేల వీధులు కంఠతా పట్టి పరీక్ష నెగ్గినవాళ్లు వాళ్లు. హిప్పోకాంపస్ వెనక భాగం పెద్దగా ఉంది, ముందు భాగం కొంచెం చిన్నగా ఉంది. అంతే కాలంగా ఒకే రూట్లో తిరిగే బస్సు డ్రైవర్లలో ఆ పెరుగుదల లేదు. మీ బావ ఫోన్ చెప్పిన దారిన పోతాడా, మెదడు చెప్పిన దారినా?

శాలిబండ నుంచి:
ఫోన్ పట్టుకుంటే తిడుతడు సార్.

మలక్‌పేట మాస్టారు:
సరే, ఒప్పుకున్నాను. అసలు ‘గుర్తు’ మాటలోనే రెండూ ఉన్నాయి కదా. గోడ మీద పెట్టేదీ గుర్తే, మనసులో ఉండేదీ గుర్తే. నిఘంటువులో ‘కొండగుర్తు’ అని ఒక్క ఆరోపమే, అంటే ఒక్క తలమాటే వేసి, కింద రెండు వాడుకలూ ఇస్తే సరిపోతుంది. బండగుర్తుకి వేరే ఆరోపం. శాలిబండవారు కోప్పడకూడదు.

అత్తాపూర్ నుంచి:
ధన్యవాదాలు మాస్టారూ. మా వాడు ఇప్పుడు జ గణం, స గణం టకటకా చెబుతున్నాడు. కానీ ‘లగం’ దగ్గరికొచ్చేసరికి మూడక్షరాలు లేవని ఆగిపోయాడు.

మలక్‌పేట మాస్టారు:
స తర్వాత మూడక్షరాల గణాలు అయిపోయాయి తల్లీ, ఎనిమిదే అవి. ల అంటే లఘువు, గ అంటే గురువు. రెండూ కలిస్తే లగం, దాన్నే వ గణం అంటారు. తిరగేసి గలం అంటే హ గణం. దానికి ఈ సూత్రం పనికిరాదు, విడిగా నేర్పండి.