మెలికల నదిలో కెనూ: అసినిబోయిన్ మీద అసలు ప్రమాదం ఎక్కడ?

కొత్తతెడ్డు: కెనడాలోని మానిటోబాలో, స్ప్రూస్ వుడ్స్ పార్కు మీదుగా పారే అసినిబోయిన్ నదిలో జూన్‌లో ఇద్దరం కెనూలో వెళ్దామనుకుంటున్నాం. సరస్సులో అలవాటుంది, పారే నీళ్లు కొత్త. మ్యాపులో 12 కిలోమీటర్లే. పూటలో అయిపోతుందా? చూస్తే నీళ్లు నెమ్మదిగానే ఉన్నాయి మరి.

ఏటివాలు: ఆ 12 మ్యాపు మీద తిన్నగా గీత గీసి కొలిచిందైతే నమ్మకండి. నది మెలికల వెంబడి కొలవండి, రెట్టింపు దాటినా ఆశ్చర్యం లేదు. సామానుతో గంటకు 4–5 కిలోమీటర్లు లెక్కేసుకోండి, ఎదురుగాలి ఉంటే అదీ రాదు.

ప్రమాదమంతా మెలిక బయటి ఒడ్డున. ప్రవాహం అటే నెడుతుంది, అక్కడే గట్టు కోసుకుపోయి చెట్లు కొమ్మలతో సహా నీళ్లలో పడుంటాయి. కొమ్మల్లోంచి నీళ్లు పోతాయి, మనిషీ పడవా పోలేరు. అందుకే మలుపు రాకముందే లోపలి వైపుకి జరగాలి, ఇసుక మేట అంచుకి కాస్త ఎడంగా. కొత్తవాళ్లు పడవ ముక్కు లోపలికి తిప్పి గట్టిగా తెడ్డేస్తారు. దాంతో వేగం పెరుగుతుంది, పడవ అడ్డం తిరిగి దుంగకి పక్కవాటుగా కొట్టుకుంటుంది. అలా కాదు: పడవ తోకని (వెనక కొసని) లోపలి ఒడ్డు వైపు 30 డిగ్రీలు వాల్చి ఇద్దరూ వెనక్కి తెడ్డేయండి. వేగం తగ్గుతుంది, పడవ దానంతటదే లోపలికి జరుగుతుంది.

కొత్తతెడ్డు: థాంక్సండీ. అయినా తగిలితే?

ఇసుకమేట: దుంగ వైపుకే ఒరగండి. భయంతో వెనక్కి వాలితే ఎగువ అంచు మునిగి క్షణాల్లో నీళ్లు నిండుతాయి. నీళ్లలో పడితే మామూలుగా వెల్లకిలా, కాళ్లు ముందుకి. ఎదురుగా చెట్టుంటే మాత్రం బోర్లా తిరిగి, తల ముందుకి పెట్టి ఈదుతూ మానుపైకి ఎగబాకాలి. కాళ్లు ముందు పెడితే కొమ్మల కిందికి లాక్కుపోతుంది. తాళ్లు పడవలో వదులుగా ఉంచకండి.

ఏటివాలు: ఇంకో మాట. వాన లేకపోయినా ఎగువన షెల్‌మౌత్ డ్యామ్ నుంచి వదిలితే నీరు పెరుగుతుంది. కెనడా జలమాపన శాఖ సైట్‌లో ప్రవాహం సెకనుకు ఘనమీటర్లలో కనిపిస్తుంది, రోజురోజుకీ పెరుగుతుంటే వాయిదా వేయండి. మేట మీద గుడారమేస్తే నీరు పెరిగితే తెలిసేలా అంచున పుల్ల గుచ్చండి, కెనూని పైకి లాగి కట్టేయండి.

ఇసుకమేట: రూలు ప్రకారం మనిషికో లైఫ్ జాకెట్, తేలే తాడు 15 మీటర్లు, ఈల, నీళ్లు తోడే డబ్బా ఉండాలి. జాకెట్ సీటు కింద పెట్టుకుంటే లాభం లేదు, తొడుక్కోవాలి. ఎదురుగాలికి సామాను కాస్త ముందుకి జరపండి, ముక్కు పక్కకి తిరగకుండా గాలికి ఎదురుగా ఉంటుంది. దిగువనున్న పోర్టేజ్ లా ప్రెరీ ఊరి దాకా వెళ్లాలనుకుంటే అక్కడ డ్యామ్ ఉంది. ఎగువ నుంచి చూస్తే నీళ్ల మీద సన్నని గీతే కనిపిస్తుంది, దానికి చాలా ముందే ఒడ్డెక్కేయాలి.