అప్‌డేట్: మా పిల్లికి ఆపరేషన్ అయింది, కుట్లు కూడా తీసేశారు

మా చిన్నికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తున్నాం, ముందు ఏం చేయాలి, తర్వాత ఎలా చూసుకోవాలి అని అడిగాను కదా. ధైర్యం చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్.

డాక్టర్ చెప్పినట్టు ముందురోజు రాత్రి నుంచి తిండి ఆపేశాం. మత్తులో వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందట. అది తెలిశాక, తెల్లవారుజామున ఎంత అరిచినా మనసు గట్టి చేసుకున్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ రాత్రే కష్టమైంది. తూలుతూ నడిచింది, ఒళ్లు చల్లగా ఉంది. నేల మీదే దుప్పటి పరిచి, లైటు తగ్గించి, పక్కనే పడుకున్నాను. కొంచెం తిండి పెడితే వాసన చూసి వదిలేసింది. నాకు ఒకటే టెన్షన్. మర్నాడు మధ్యాహ్నానికి తనే గిన్నె దగ్గరికి వచ్చింది.

కుట్లు నాకకుండా మెడకు కోన్ (గరాటులాంటి పట్టీ) పెడితే జాలేసి మూడో రోజు కాసేపు తీశాను. అది నా తప్పే. నిమిషాల్లో కుట్లు నాకేసింది, అక్కడ ఎర్రబడింది. ఫొటో పంపితే డాక్టర్ రమ్మన్నారు. అదృష్టం, కుట్లు ఊడలేదు. ఆ తర్వాత మళ్లీ తీయలేదు. రోజుకు రెండుసార్లు వాపు, చీము ఉన్నాయేమో చూసేదాన్ని.

ఒక్క మాట. నొప్పి అనిపించినా మనం వేసుకునే పారాసెటమాల్ పిల్లికి అస్సలు వేయకండి, ప్రాణం పోతుంది.

12వ రోజు కుట్లు తీశారు. ఇప్పుడు కిటికీ గట్టు మీద ఎండలో పడుకుని ఉంది.