షోలాపూర్ బీడీ కార్మికులకు అన్ని ఇళ్లు ఎలా వచ్చాయి?

నేతబిడ్డ_సిరిసిల్ల:
మా మేనత్త పెళ్లయి వెళ్లినప్పటి నుంచి షోలాపూర్‌లో బీడీలు చుట్టే బతుకుతోంది. పోయిన నెల మొదటిసారి షోలాపూర్ పక్కనే ఉన్న కుంభారిలో ఆమె ఇంటికి వెళ్లాను. ఎటు చూసినా ఇళ్లే, ఎవరిని పలకరించినా తెలుగే. "ఆడం మాస్టర్ ఇప్పిచ్చిండు" అంది అత్త. మా దగ్గర మండెపల్లిలో డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రభుత్వమే కట్టి ఇచ్చింది. అక్కడ ఒక సీపీఎం ఎమ్మెల్యే, సొంత ప్రభుత్వం కూడా లేకుండా, పది వేల ఇళ్లు ఎలా తేగలిగాడు?

తూర్పుభాగం:
అన్నా, ఆ పది వేలలో మా అమ్మ ఇల్లూ ఒకటి. అంతకుముందు ఏడుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. పొయ్యి అక్కడే, ఆకు, తంబాకు అక్కడే. ఆ ఘాటుకు చెల్లి రాత్రంతా దగ్గేది.

ఆడం మాస్టర్ అంటే నర్సయ్య ఆడం, మన తెలుగువాడే. 1978, 1995, 2004లో ఎమ్మెల్యేగా గెలిచారు. ఆయన ముందు ఆడవాళ్లతో కమ్యూనిస్టు నాయకురాలు గోదావరి పరులేకర్ పేరు మీద సహకార సంఘం పెట్టించారు. కేంద్రం కొంత, రాష్ట్రం కొంత, మా వాళ్లు కొంత వేసుకున్నారు. అమ్మ తన వాటా విడతలుగా కట్టింది, ఆ రసీదులు ఇప్పటికీ బియ్యం డబ్బాలో ఉన్నాయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ఇళ్లు అప్పగించారు.

నాకు ముఖ్యం అనిపించేది ఆ తర్వాతి సంగతి. పదవి పోయాక కూడా ఆయన వదల్లేదు. పక్కనే రే నగర్‌లో 30,000 ఇళ్లకు 2019 జనవరిలో మోదీ శంకుస్థాపన చేశారు. ఆ సభలో ఆడం మోదీని పొగిడారని సొంత పార్టీ ఆయన్ను కేంద్ర కమిటీ నుంచి మూడు నెలలు సస్పెండ్ చేసింది. మాకు చాలా బాధేసింది. ఇల్లు అడగడానికి ఆయన ఎవరి గుమ్మమైనా ఎక్కుతారని మాకు ముందే తెలుసు. 2024 జనవరి 19న మోదీయే వచ్చి అక్కడ మొదటి 15,000 ఇళ్లు ఇచ్చారు.

కుంభారి_కోడలు:
మాది రే నగర్ ఇల్లే. కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్ష. మిగతాది అప్పు చేసి కట్టాం, ఆ వాయిదాల టెన్షన్ ఇంకా ఉంది. మా ఆయనకు పవర్‌లూమ్‌లో రాత్రి షిఫ్టు, ఊరు దూరం. బస్సు తప్పితే ఆ రోజు కూలి పోయినట్టే. దీని గురించి కూడా ఎవరైనా గట్టిగా అడగాలి.

కానీ పదహారేళ్లలో ఆరు అద్దె ఇళ్లు మారాం తమ్ముడూ. తంబాకు వాసన వస్తోందని ఖాళీ చేయించేవాళ్లు. ఇప్పుడు కాగితంలో నా పేరుంది. 300 చదరపు అడుగులే, అయినా చాట ఒళ్లో పెట్టుకుని గుమ్మం ముందు కూర్చుంటే నన్ను లేవమనేవాళ్లు లేరు.

నేతబిడ్డ_సిరిసిల్ల:
అక్కా, అన్నా, మా అమ్మ కూడా బీడీలే చుడుతుంది. నేనిన్నాళ్లూ ఎమ్మెల్యే చుట్టూ తిరగాలనే అనుకున్నాను, ముందు సంఘం ఉండాలని తోచలేదు. మొదట ఎంతమంది చేరారు? లెక్కల పుస్తకం ఎవరు రాసేవారు?

తూర్పుభాగం:
ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్తాను. అడిగి రాస్తా, రసీదుల ఫొటో కూడా పెడతా.